కాంటినా బార్‌లో ఉన్న చిల్లుల గొట్టమూ, ఐజీ-88 తలా ఒకటేనా?

చిల్లుల_వేట:
మొదటి స్టార్ వార్స్ (1977)లో కాంటినా సీన్ తెలియనివాళ్ళు ఇక్కడ ఉండరు. ల్యూక్, ఓబీవాన్ లోపలికి వస్తారు, బార్ అతను డ్రాయిడ్లను (అంటే రోబోలను) బయటికి పంపించెయ్యమంటాడు. నా సందేహం అతని గురించి కాదు, అతని దగ్గర నిలబెట్టి ఉన్న లోహపు గొట్టాల గురించి. నిలువుగా ఉంటాయి, ఒక కొస సన్నబడుతుంది, ఒంటి నిండా చిల్లులు. డ్రింకులు పట్టే యంత్రాలన్నట్టు అక్కడ పెట్టారు.

ఇప్పుడు 1980లో వచ్చిన రెండో సినిమా ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్ చూడండి. విలన్ వేడర్ తన ఓడలో కిరాయి వేటగాళ్ళను వరసగా నిలబెట్టి మాట్లాడతాడు. ఆ వరసలో బక్కగా, పొడుగ్గా, బిగుసుకుపోయి నిలబడే డ్రాయిడ్ ఐజీ-88. దాని తల మీద ఫ్రేమ్ ఆపి చూస్తే నాకు ఆ బార్ గొట్టమే కనిపిస్తోంది.

మూడు సంగతులు తేల్చుకోవాలని ఉంది. అది అసలు ఏ వస్తువు? రెండు సినిమాల్లోనూ ఒకే రకం వస్తువా? ఒకే రకమైతే, సరిగ్గా అదే ముక్కను తీసి మళ్ళీ వాడారా, లేక అలాంటి ఇంకో ముక్కా?

నట్టుబోల్టు:
మొదటిదానికి జవాబు ఉంది. రోల్స్ రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజన్‌లోని ఫ్లేమ్ ట్యూబ్. ఇంజన్ లోపల మంట మండే గొట్టం అన్నమాట. ప్రాప్‌లు, అంటే సినిమాల్లో వాడే వస్తువులు, తయారుచేసేవాళ్ళలో ఇది చాలాకాలంగా తెలిసిన విషయమే.

ఇంజన్ ముక్క సినిమా సెట్‌లోకి ఎందుకొచ్చిందంటే, సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ పని చేసిన తీరే అది. సినిమా మొత్తం బడ్జెట్ 1.1 కోట్ల డాలర్లు. అన్ని గ్రహాలు, ఓడలు, ఆయుధాలు చూపించడానికి అది ఏ మూలకీ చాలదు. ఆయన పాత విమానాల తుక్కు కొని, విప్పి, రకాలవారీగా వేరుచేయించి సెట్ల గోడలకీ వస్తువులకీ బిగించాడు. 1978లో కళాదర్శకత్వానికి ఆస్కార్ అందుకున్నవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. తర్వాత ఏలియన్ (1979) ఓడ లోపలి భాగాలకీ ఇదే పద్ధతి.

ఇంకో సాక్ష్యం కావాలంటే, ఓబీవాన్ లైట్‌సేబర్ (వెలుగు కత్తి) పిడి చూడండి. దాని పై కొస కూడా డెర్వెంట్ ముక్కే, దహన గదుల మధ్య ఉండే బాలెన్స్ పైపు. మిగతా పిడిలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిల్ గ్రెనేడ్, బ్రౌనింగ్ మెషిన్ గన్ భాగం, అడుగున నీళ్ళ కుళాయి తిప్పే పిడి. ఒకే ఇంజన్ రకం రెండు చోట్ల తేలిందంటే ఆ తుక్కు కుప్పలో డెర్వెంట్ ఉన్నట్టే.

కొత్తమొహం:
అన్నా, కుళాయి పిడా? నిజమేనా?

నట్టుబోల్టు:
నిజమే తమ్ముడూ. ఆర్మిటేజ్ షాంక్స్ వాళ్ళ స్టార్‌లైట్ కుళాయి పిడి. ల్యూక్ పిడి అయితే 1940ల నాటి ప్రెస్ ఫొటోగ్రాఫర్లు కెమెరాకి తగిలించుకున్న గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ హ్యాండిల్, లోపల మూడు బ్యాటరీలు పట్టేది. దాని క్లాంప్‌లో బుడగలు బుడగలుగా మెరిసే పట్టీ పాత కాలిక్యులేటర్ తెర మీద అంకెల్ని పెద్దవి చేసి చూపించే కటకాల వరస. ఫాంటమ్ మెనేస్ (1999)లో క్వైగాన్ మాట్లాడే పరికరమేమో ఆడవాళ్ళ జిల్లెట్ రేజర్ పిడిని అచ్చు తీసి పోత పోసింది. ఇవన్నీ అభిమానులు ఒక్కొక్క ఫొటో పక్కన పెట్టి పట్టుకున్నవే.

టర్బైన్_తాతయ్య:
ఈ చర్చ చూసి చాలా సంతోషంగా ఉంది. డెర్వెంట్ మీద నేను పని చెయ్యలేదు, కానీ డబ్బాల తరహా దహన గదులున్న ఇంజన్లు విప్పి బిగించడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ చిల్లులు అలంకారం కాదని మీకు చెప్పాలి. చిల్లుల వరస అర్థమైతే మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి దారి దొరుకుతుంది.

గాలిని నొక్కి పంపే కంప్రెసర్ నుంచి వచ్చే గాలి మొత్తం మంటలోకి పోదు. సుమారు ఐదో వంతు మాత్రం బర్నర్ దగ్గర ఇంధనంతో కలిసి మండుతుంది. అక్కడ వేడి దాదాపు 2,000 డిగ్రీల సెల్సియస్. అంత వేడి నేరుగా వెనక తిరిగే టర్బైన్ చక్రానికి తగిలితే రెక్కలు కరిగిపోతాయి. అందుకని మిగతా గాలిని ఫ్లేమ్ ట్యూబ్ బయటి నుంచి పోనిచ్చి, చిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా లోపలికి వదులుతారు. కొంత గాలి గొట్టం గోడను చల్లగా ఉంచుతుంది, మిగిలింది పొగ వేడిని తగ్గిస్తుంది. కాబట్టి బర్నర్ వైపు చిల్లులు చిన్నవి, టర్బైన్ వైపు పోయేకొద్దీ పెద్దవి. ఏ వరసలో ఎన్ని చిల్లులు, వరసల మధ్య ఎంత ఎడం అన్నది ఆ ఇంజన్ రకానికి సొంతం. ఇంకో ఇంజన్ ఫ్లేమ్ ట్యూబ్ దూరం నుంచి అలాగే ఉండొచ్చు, లెక్క మాత్రం కలవదు.

రెండో గుర్తు. ఇంజన్ చుట్టూ ఇన్ని గదులున్నా నిప్పు రగిలించే ప్లగ్గులు రెండు గదుల్లోనే ఉంటాయి. అక్కడ అంటుకున్న మంట గది నుంచి గదికి పక్క గొట్టాల గుండా పాకుతుంది. నట్టుబోల్టు గారు చెప్పిన బాలెన్స్ పైపు ఆ కుటుంబంలోదే, గదుల మధ్య ఒత్తిడిని కూడా సమం చేస్తుంది. అందుచేత ప్రతి ఫ్లేమ్ ట్యూబ్‌కీ బర్నర్ కొస దగ్గర రెండు పక్కలా అంచు కట్టిన పెద్ద రంధ్రాలు ఉండి తీరాలి. డ్రాయిడ్ తలలో అవి కనిపిస్తాయేమో వెతకండి. కనిపించకపోతే అక్కడ ఏదో బిగించి మూసి ఉంటారు. కన్ను పెట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదని నా ఊహ.

ఇంకో మాట. డెర్వెంట్ అంటే ఒక్క ఇంజన్ కాదు. మొదటి డెర్వెంట్లలో 10 గదులు. డెర్వెంట్ 5 నుంచి కథ వేరు, అది నీన్ అనే పెద్ద ఇంజన్‌ను కుదించి చేసింది, అందులో 9. గొట్టం కొలతలు కూడా మారాయి. "డెర్వెంట్ ఫ్లేమ్ ట్యూబ్" అని ఊరుకోకుండా ఏ డెర్వెంట్ అని అడగాలి.

చిల్లుల_వేట:
తాతయ్యగారూ, ఇన్నేళ్ళుగా ఆ తల చూస్తున్నా చిల్లులు ఒక కొసకి చిన్నవై, ఇంకో కొసకి ఎందుకు పెద్దవవుతాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇక మీదట ఆ సీన్ చూస్తే ముందు బర్నర్ ఎటుందో వెతుకుతాను.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:
లెక్క పెట్టే ముందు ఒక హెచ్చరిక. కాంటినా ఫ్రేముల్లో చిల్లులు గుండ్రంగా కాకుండా నిలువుగా సాగినట్టు కనిపిస్తాయి. "ఇవి కోడిగుడ్డు ఆకారపు చిల్లులు, డెర్వెంట్‌వి కావు" అని ఇదివరకు గట్టిగా వాదించినవాళ్ళు ఉన్నారు. ఆ సాగుడు వస్తువుది కాదు, లెన్సుది.

రెండు సినిమాలూ అనమార్ఫిక్ లెన్సులతో తీశారు. ఆ లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా నొక్కి మామూలు ఫిల్మ్ మీద పట్టిస్తుంది, థియేటర్‌లో తిరిగి సాగదీస్తారు. ఫోకస్‌లో ఉన్నది సరిగ్గానే వస్తుంది. ఫోకస్ తప్పిన నేపథ్యం మాత్రం నిలువుగా ఎక్కువ మసకబారుతుంది. వెనక వెలుగుతున్న దీపాలు నిలువు గుడ్డు ఆకారంలో కనిపించేది అందుకే. బార్ గొట్టాలు ఎక్కువగా ఆ మసకలోనే ఉన్నాయి. కాబట్టి చిల్లుల ఆకారం నమ్మకండి, మధ్య బిందువుల ఎడం మాత్రమే కొలవండి. మసక నిలువుగా ఎక్కువున్నా పైకీ కిందికీ సమంగానే పరుచుకుంటుంది కనుక మధ్య బిందువు పెద్దగా కదలదు.

ఇంకోటి, కాంటినా సీన్ మొత్తం ఒకే చోట తియ్యలేదు. అసలు సెట్ 1976లో ఇంగ్లాండ్‌లోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేశారు. కొన్ని వింత జీవుల దగ్గరి షాట్లు తర్వాత అమెరికాలో విడిగా తీసి కలిపారు. ఆ షాట్ల వెనక ఏదైనా లోహం మెరిసినా లెక్కలోకి తీసుకోకండి. బార్ అతను, ల్యూక్, ఓబీవాన్ ఉన్న షాట్లే మనకి పనికొస్తాయి. అలాగే 1997 స్పెషల్ ఎడిషన్‌లో కాంటినాలో ఒకటి రెండు జీవులను మార్చేశారు. ఏ ప్రతి నుంచి ఫ్రేము తీశారో ప్రతిసారీ రాయండి, లేకపోతే ఒకరు చూసింది ఇంకొకరికి దొరకదు.

గెలాక్సీ_అక్క:
ఇంజన్ సంగతి మీరు తేల్చండి, నాకు కథలోది తేలాలి. ఆ లోకంలో ఉన్నవాళ్ళకి డెర్వెంట్ అంటే ఏమిటో తెలియదు కదా. ఆ లోకం లోపలినుంచి చూస్తే, డ్రాయిడ్లను గడప తొక్కనివ్వని బార్‌లో డ్రాయిడ్ తలల్లోంచి డ్రింకులు పట్టి పోస్తున్నారు! బార్ అతని కోపానికి అది ఎంత బలమైన నేపథ్యమో చూడండి. రాసినవాళ్ళు అనుకుని పెట్టింది కాదని తెలుసు, తల తర్వాతి సినిమాలో కదా వచ్చింది. అయినా రెండూ ఒకే రకం వస్తువైతే ఆ లోకంలో ఈ అర్థం ఇప్పుడు ఉన్నట్టే. 2019లో మాండలోరియన్ సిరీస్‌లో ఐజీ-11 వచ్చాక ఈ రకం డ్రాయిడ్లు ఒక్కటి కాదు, చాలా ఉన్నాయని కూడా స్థిరపడింది. పాడైపోయినవాటి తలలు తుక్కులో అమ్ముడుపోవడంలో వింతేమీ లేదు.

నట్టుబోల్టు:
అక్కా, మీ ఊహ నాకు నచ్చింది. కానీ దీన్ని ఆధారంగా తీసుకుని "కాబట్టి రెండూ ఒకటే" అనే దిశలో వెళ్ళకూడదు. ముందు లోహం తేలాలి, కథ తర్వాత. ఇలాంటి చర్చలు చాలావరకు తిరగబడేది అక్కడే. అందమైన వివరణ దొరకగానే కొలవడం ఆపేస్తారు.

గెలాక్సీ_అక్క:
ఒప్పుకుంటాను. కానీ కథ పట్ల ప్రేమ లేకపోతే ఆ గొట్టాన్ని ఎవరు చూసేవారు? ఇంజన్ వర్క్‌షాపులో పడి ఉన్న ఫ్లేమ్ ట్యూబ్ ఫొటో పెడితే మనలో ఒక్కరం ఆగి చూస్తామా? వెతికించేది కథే. ఆ మాటకొస్తే నేను కథ వైపు నుంచే ఒక ఆధారం తెచ్చాను. ఎంపైర్‌లోనే క్లౌడ్ సిటీ తుక్కు గదిలో చ్యూబాకా సీ-త్రీపీఓ అనే డ్రాయిడ్ ముక్కలు ఏరుకుంటాడు కదా, ఆ గదిలో కూడా ఐజీ-88 లాంటి ఆకారం పడి ఉంటుంది. అంటే ఆ సినిమాలోనే అది రెండు చోట్ల కనిపిస్తుంది. మూడో కోణం నుంచి తల చూడ్డానికి వీలు దొరుకుతుంది.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:
ఇది చాలా పనికొచ్చే మాట అక్కా. వేడర్ ఓడలో డ్రాయిడ్ దాదాపు ఒకే వైపు తిరిగి ఉంటుంది. తుక్కు గదిలో వెలుతురు వేరు, కోణం వేరు. తాతయ్యగారు చెప్పిన పక్క రంధ్రాలు కనిపిస్తే అక్కడే కనిపించాలి.

కొత్తమొహం:
తెలియక అడుగుతున్నా, ఏమనుకోకండి. అంత కష్టపడి ఇంజన్ ముక్క తెచ్చే బదులు ప్లాస్టిక్‌తో కొత్త తల చేసుకోవచ్చు కదా వాళ్ళు?

నట్టుబోల్టు:
మంచి ప్రశ్నే. ఒకటి ఖర్చు. తుక్కు దొరికినంత చౌకగా ఏ వడ్రంగీ, ఏ పోత పనివాడూ చెయ్యలేడు. రెండోది, అసలు కారణం అదే, వాడిన వస్తువుల ముఖం. దర్శకుడు లూకస్‌కి కావలసింది తళతళలాడే భవిష్యత్తు కాదు, అరిగిపోయిన, మరమ్మతులు చేసుకుంటూ నడిపిస్తున్న లోకం. ఎవరో ఇంజనీరు ఏదో పని కోసం గీసిన ఆకారంలో ఒక అవసరం కనిపిస్తుంది. అది ఏ అవసరమో ప్రేక్షకుడికి తెలియదు, కానీ ఉందని కన్ను పట్టేస్తుంది. ఆర్టిస్టు కూర్చుని వేసిన చిల్లులైతే అందంగా సమానంగా వేసి ఉండేవాడు. ఒకవైపు చిన్నవి, ఒకవైపు పెద్దవి అనే ఆలోచన అతనికి రాదు.

టర్బైన్_తాతయ్య:
రంగు కూడా ఉంది బాబూ. ఫ్లేమ్ ట్యూబులు నిమోనిక్ లాంటి నికెల్ మిశ్రమాల రేకుతో చేస్తారు. వందల గంటలు మంట తిన్న రేకు మీద గోధుమరంగు, నీలం, ఊదా పట్టీలు పడతాయి. చిల్లు చుట్టూ ఒక రంగు, రెండు చిల్లుల మధ్య ఇంకో రంగు. ఏ పెయింటరూ బ్రష్షుతో దాన్ని అంత సహజంగా తేలేడు. ప్రాప్ మీద పెయింట్ వెయ్యకుండా వదిలిన చోటు ఉంటే ఆ పట్టీలు కనిపించవచ్చు. సినిమా రంగులు ప్రతి విడుదలకీ మారతాయి కాబట్టి దీన్ని రుజువుగా తీసుకోమని చెప్పను.

తుక్కురాజా:
నేను సేకరించేవాణ్ణి కనుక కొనాలనుకునేవాళ్ళ కోసం రెండు మాటలు. "ఐజీ-88 తల" అని పేరు పెట్టి అమ్మేవన్నీ డెర్వెంట్‌వి కావు. ఒక అమ్మకందారు నాకు పంపిన ఫొటోల్లో గొట్టం పొడవు సరిపోయింది, చిల్లుల వరసలు దగ్గర దగ్గరగా సరిపోయాయి, కానీ అతుకు వచ్చిన చోటు వేరు. భాగం సంఖ్య ముద్ర ఉన్నచోట దగ్గరి ఫొటో కావాలని అడిగితే ఇవ్వలేదు. నేను కొనలేదు. ముద్ర ఫొటో ఇవ్వనివాళ్ళ దగ్గర కొనకండి.

ఇంకో విన్నపం, ఇది మనసులోంచి వస్తోంది. డెర్వెంట్ ఇంజన్ నడిపిన విమానం గ్లోస్టర్ మీటియోర్. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాలు యుద్ధంలోకి దించిన తొలి జెట్ ఫైటర్ అది. 1945 నవంబర్ 7న గంటకు 606 మైళ్ళు, అంటే సుమారు 975 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పెట్టింది కూడా మీటియోరే. మార్టిన్ బేకర్ సంస్థ ఎజెక్షన్ సీట్లు పరీక్షించడానికి పాత మీటియోర్లను ఈ శతాబ్దంలో కూడా ఎగరేసింది. అలాంటి ఇంజన్ పూర్తిగా, బాగున్న స్థితిలో దొరికితే లైట్‌సేబర్ పిడి కోసమో తల కోసమో కోసి ముక్కలు చెయ్యకండి. ఇప్పటికే విడిపోయి తుక్కైన గొట్టాలు ఉన్నాయి, అవి కొనుక్కోండి. లేదా నకలు చేయించుకోండి.

టర్బైన్_తాతయ్య:
రాజా, నువ్వన్నదానికి నేను రెండు చేతులూ ఎత్తుతాను.

చిల్లుల_వేట:
మూడో ప్రశ్నకి వద్దాం. అదే ముక్కా, ఇంకో ముక్కా?

నట్టుబోల్టు:
దీనికి చిల్లుల లెక్క చాలదు, ఎందుకంటే ఒకే రకం గొట్టాలన్నిటికీ ఒకటే లెక్క. మీటియోర్లు దాదాపు 3,900 తయారయ్యాయి, ఒక్కోదానికి రెండు ఇంజన్లు, ఇంజన్‌కి 9 లేదా 10 గొట్టాలు. మార్చిన విడిభాగాలు వేరే. తుక్కులోకి వచ్చిన ఫ్లేమ్ ట్యూబులకి కొదవ లేదు. అదే ముక్క అనాలంటే ఆ ముక్కకి మాత్రమే పడ్డ సొట్ట, చీలిక, వంకర అంచు, గీత రెండు సినిమాల్లోనూ ఒకే చోట కనిపించాలి. బ్లేడ్ రన్నర్ (1982)లో డెకార్డ్ పిస్టల్ విషయంలో ఆ అవకాశం దొరికింది. అది స్టైర్ రైఫిల్ భాగాలూ చార్టర్ ఆర్మ్స్ రివాల్వరూ కలిపి కట్టింది. అసలు ప్రాప్ 2006లో ఒక సైన్స్ ఫిక్షన్ సమావేశంలో బయటికి వచ్చినప్పుడు అభిమానులు వివరాలన్నీ ఒక్కొక్కటిగా సినిమా ఫ్రేములతో పోల్చుకోగలిగారు. మన గొట్టానికి అంత దగ్గరి షాటే లేదు.

నా అంచనా ఏమిటంటే, ఒక కుప్పలోంచి తీసిన వేరు వేరు ముక్కలు. బార్‌లో ఒకటి కన్నా ఎక్కువే నిలబెట్టారు కదా. తుక్కు కొనేటప్పుడు ఒక గొట్టం కొనరు, ఇంజన్ మొత్తం కొంటారు.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:
నేను దాన్ని ఇంకా తెరిచే ఉంచుతాను. సినిమా అయ్యాక బార్ సెట్ విప్పేసి సామాను స్టోర్‌లో పెడతారు. మూడేళ్ళ తర్వాత రెండో సినిమాకి అదే ఎల్‌స్ట్రీలో పని మొదలైంది. డ్రాయిడ్ తల కావాలన్నప్పుడు షెల్ఫ్ మీద అప్పటికే శుభ్రం చేసి, నిలబెట్టడానికి అడుగు బిగించి ఉన్న గొట్టం కనిపిస్తే కొత్తది వెతుకుతారా? మీ అంచనాకి ఎంత బలం ఉందో నాదానికీ అంతే ఉంది. అందుకే సొట్ట కోసం చూడాలి.

చెయ్యగలిగింది ఒకటి ఉంది. గొట్టం చుట్టూ కాగితం చుట్టి, పెన్సిల్‌తో చిల్లులు రుద్ది, కాగితం విప్పితే చిల్లుల పటం బల్లపరుపుగా వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో మళ్ళీ గొట్టంగా చుట్టి, ఫ్రేములో ఉన్న కోణానికి తిప్పి మీద పెట్టొచ్చు. చిల్లులన్నీ కూర్చున్నాయంటే రెండో ప్రశ్న ఖాయంగా ముగుస్తుంది. ఆ తర్వాత పటంలో లేనిది ఫ్రేములో ఏది కనిపించినా అది ఆ ముక్క సొంత గుర్తే, సొట్టో చీలికో. అది రెండో సినిమాలోనూ ఉందో లేదో చూడటమే మిగులుతుంది.

తుక్కురాజా:
నా దగ్గర డెర్వెంట్ 8 ఫ్లేమ్ ట్యూబ్ ఒకటి ఉంది, ముద్ర స్పష్టంగా చదవొస్తుంది. కాగితం చుట్టి తీస్తాను. బర్నర్ కొస వైపు ఏటవాలుగా ఉంది, అక్కడ కాగితం ముడతలు పడుతుందేమో.

టర్బైన్_తాతయ్య:
ఏటవాలు చోట కాగితాన్ని నిలువుగా సన్నటి పట్టీలుగా కత్తిరించి వేరువేరుగా అతికించు. ప్రతి పట్టీకీ అంకె వెయ్యి. మొదటి పట్టీని రేకు అతుకు దగ్గర మొదలుపెట్టు, అప్పుడు పటానికి ఒక సున్నా గీత ఉంటుంది. పక్క రంధ్రాలు సున్నా గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాయో అంచు వెంట దారంతో కొలిచి రాసిపెట్టు. రుద్దే ముందు లోపలి మసి తుడవకు, ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదు, మాస్కు పెట్టుకో.

గెలాక్సీ_అక్క:
తుక్కు గది షాట్లు నేను తీస్తాను. 2011 బ్లూరే నుంచి తీసినవీ, పాత విడుదల ప్రతుల నుంచి తీసినవీ వేరువేరుగా పెడతాను, ప్రతి పేరు పక్కనే రాస్తాను. తల ఎటు తిరిగి ఉందో చెప్పడానికి పక్కన ఉన్న వస్తువులు కూడా ఫ్రేములో ఉంచుతాను.

ఫ్రేమ్‌బైఫ్రేమ్:
ఫ్రేము కత్తిరించకండి అక్కా, మొత్తం పెట్టండి. అంచు పోతే లెన్సు మధ్య బిందువు ఎక్కడుందో తెలియదు, లెక్క తప్పుతుంది. రాజా గారూ, పటంతో పాటు గొట్టం పెద్ద కొస వ్యాసం కూడా ఇవ్వండి. సన్న కొస మీద కప్పు ఉంటే అది ఉంచి ఒకసారి, తీసి ఒకసారి పొడవు కొలవండి. డ్రాయిడ్ తల మీద ఆ కప్పు ఉంచారో తీసేశారో నాకు ఇంకా తేలలేదు.